రిపోర్టు చదివే ముందు జ్వరం ఎన్నో రోజో రాసుకోండి

మా ల్యాబ్ పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్లో, బస్టాండు వెనక సందులో ఉంది. ఇరవై మూడేళ్ళుగా అక్కడే రక్తాలు తీస్తున్నాను. పొద్దున్న ఏడింటికి తలుపు తీసేసరికి అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. సూది గుచ్చే ముందు ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతాను: "జ్వరం ఎప్పుడు మొదలైందండి?" చాలామంది "ఓ నాలుగైదు రోజులై ఉంటుందమ్మా" అంటారు. నాలుగా, ఐదా అని మళ్ళీ అడుగుతాను. ఆ ఒక్కరోజు తేడాకి చేయాల్సిన పరీక్షే మారిపోవచ్చు.

సాయంత్రం కాగితం తీసుకునేటప్పుడు వాళ్ళ ప్రశ్నలు మొదలవుతాయి. "లింఫోసైట్స్ పక్కన నల్లగా ఒత్తి ఉందేంటండి?" "ఐజీఎం పాజిటివ్ అంటే మంచిదా, చెడ్డదా?" "మా బాబుకి ఇమ్యూనిటీ తక్కువని ఇందులో ఉందా?" కౌంటరు దగ్గర నిలబడి ఇవన్నీ విడమర్చి చెప్పడానికి కుదరదు. చెప్పకుండా పంపిస్తే ఆ రాత్రి వాళ్ళకి టెన్షన్‌తో నిద్ర పట్టదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

రోగనిరోధక వ్యవస్థలో మాటలు చాలా ఉన్నాయి. బట్టీ పడితే వారానికి మర్చిపోతాం. ఒంట్లోకి క్రిమి వచ్చిన రోజు నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, ఏ రోజు ఎవరు పనిలోకి దిగుతారో చూసుకుంటూ పోతే ఒక్కో మాటా దాని చోట అదే కూర్చుంటుంది. మా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకి ఇలాగే నేర్పుతాను. మందు సంగతి డాక్టరుగారు చూసుకుంటారు. ఆయన్ని అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడగడానికి మీకిది పనికొస్తుంది.

కాబట్టి మొదటి పని: జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైందో రిపోర్టు పైన పెన్నుతో రాయండి. ఆ తర్వాతే కింద అంకెలు చూడండి.

మొదటి గంటలు: ముల్లు గుచ్చుకున్న చోట

చేలో కాలికి తుమ్మముల్లు దిగిందనుకోండి. పూట గడిచేలోపే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. ఈ నాలుగూ కలిపి ఇన్‌ఫ్లమేషన్. తెలుగులో దాన్ని ఉత్త "వాపు" అని రాసేస్తుంటారు, దాంతో మిగిలిన మూడూ మరుగున పడిపోతాయి. అక్కడ రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు వదులవుతాయి, ఆ సందుల్లోంచి తెల్లకణాలు బయటికి జారి క్రిముల్ని మింగడం మొదలుపెడతాయి. ఆ వచ్చింది ఏ క్రిమో వాటికి పేరుపేరునా తెలియక్కర్లేదు. మన ఒంటిది కాదని పోలిక పట్టగలిగితే చాలు. చర్మం, చీమిడి, కన్నీళ్ళు, కడుపులో ఆమ్లం, ఈ మింగే కణాలు, అన్నీ కలిపి సహజ రోగనిరోధకత. పుట్టుకతోనే ఉంటుంది, పిలిచిన గంటకే వస్తుంది.

ఈ మింగే పనిని మొదట కళ్ళారా చూసి అర్థం చేసుకున్నవాడు ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలకి ముళ్ళు గుచ్చి, పొద్దున్నే మైక్రోస్కోపులో చూశాడు. ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. దీనికే ఆయనకి 1908లో నోబెల్ వచ్చింది. నేను మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు అప్పుడప్పుడు ఆ ముల్లు గుర్తొస్తుంది.

మన ఒంట్లో అలా ముందుగా పరుగెత్తేవి న్యూట్రోఫిల్స్. మూలుగలో, అంటే ఎముక మజ్జలో, రోజుకి సుమారు పదివేల కోట్లు తయారవుతాయి. రక్తంలో ఎక్కువసేపు ఉండవు, గంటల్లోనే పనిలోకి పోతాయి. పుండులో పట్టే చీము చాలావరకు చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితం తీయండి. "టోటల్ కౌంట్" లేదా "డబ్ల్యూబీసీ" అన్నది మొత్తం తెల్లకణాల లెక్క. పెద్దవాళ్ళలో మైక్రోలీటరుకి సుమారు 4,000 నుంచి 11,000 ఉంటాయి. దాని కింద "డిఫరెన్షియల్" అని ఐదు పేర్లు, పక్కన శాతాలు ఉంటాయి. ఇప్పుడు మెషిన్ లెక్కపెడుతోంది గానీ, అనుమానం వస్తే నేను స్లైడు మీద రక్తం చుక్క సాగదీసి, లీష్మన్ రంగు వేసి చూస్తాను. న్యూట్రోఫిల్ కేంద్రకం రెండు మూడు ముక్కలుగా విడిపోయి, సన్నటి దారంతో కలిపినట్టు ఉంటుంది. లింఫోసైట్ చిన్నది, ముదురు ఊదా రంగు గుండ్రటి కేంద్రకం కణమంతా ఆక్రమిస్తుంది. మోనోసైట్ అన్నిటికన్నా పెద్దది, కేంద్రకం చిక్కుడుగింజలా వంగి ఉంటుంది. అది రక్తం వదిలి కండరాల్లోకో, ఊపిరితిత్తుల్లోకో చేరితే మాక్రోఫేజ్ అవుతుంది. మింగడంలో దానిది పెద్ద చెయ్యి. ఇయోసినోఫిల్‌లో నారింజ రంగు గింజలు నిండుగా ఉంటాయి. బేసోఫిల్‌లో నల్లటి నీలం గింజలు. వందలో ఒకటి కనిపిస్తే ఎక్కువ. ఇయోసిన్ అనే ఎర్రరంగును పట్టుకుంటుంది కాబట్టి ఇయోసినోఫిల్, క్షార రంగును పట్టుకుంటుంది కాబట్టి బేసోఫిల్, రెంటికీ మధ్యగా ఉండేది న్యూట్రోఫిల్. ఆ రంగులు వాడి వీటిని విడదీసింది జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. మెచ్నికోవ్‌తో నోబెల్ పంచుకున్నది కూడా ఆయనే.

శాతం చూసి కంగారుపడకండి, లెక్క కట్టండి. ఈ మధ్య ఒకావిడ రిపోర్టులో టోటల్ కౌంట్ 3,200. న్యూట్రోఫిల్స్ 38, లింఫోసైట్స్ 52, మోనోసైట్స్ 7, ఇయోసినోఫిల్స్ 3 శాతం. "లింఫోసైట్స్ ఎక్కువున్నాయండి, క్యాన్సరేమో" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 3,200లో 52 శాతం అంటే 1,664. అది మామూలు లెక్కే. నిజానికి తగ్గినవి న్యూట్రోఫిల్స్: 38 శాతం అంటే 1,216. అవి తగ్గడం వల్ల లింఫోసైట్ల వాటా పెద్దగా కనిపించింది. జ్వరం మూడో రోజు, టోటల్ తగ్గింది, న్యూట్రోఫిల్స్ తగ్గాయి. వైరల్ జ్వరాల్లో, ముఖ్యంగా డెంగ్యూలో, మేం తరచుగా చూసే వరస ఇదే. ఇలా శాతాన్ని టోటల్‌తో గుణించి, వందతో భాగిస్తే వచ్చేదాన్ని "ఆబ్సల్యూట్ కౌంట్" అంటారు. న్యూట్రోఫిల్స్ ఆబ్సల్యూట్ 500 కిందికి పోతే మాత్రం ఆలస్యం చేయకూడదు. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళకి ఆ స్థితిలో జ్వరం వస్తే ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

చంటిపిల్లల తల్లులకి ఒక మాట. నాలుగైదేళ్ళ వయసు వరకు లింఫోసైట్సే ఎక్కువ ఉండటం సహజం. పెద్దవాళ్ళ అంకెలు పక్కన ప్రింటు చేసిన రిపోర్టు చూసి బెంగపడొద్దు. ఇంకోటి, ఆయాసానికో కీళ్ళనొప్పులకో స్టెరాయిడ్ వాడుతుంటే రక్తం ఇచ్చేటప్పుడే చెప్పండి. స్టెరాయిడ్ వల్ల న్యూట్రోఫిల్స్ పెరిగి, ఇయోసినోఫిల్స్ తగ్గి, లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు కాగితం కనిపిస్తుంది.

సీఆర్‌పీ, ఈఎస్ఆర్ అనే రెండూ ఈ ఇన్‌ఫ్లమేషన్ కొలతలే. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రొటీన్. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, మంట ఆరగానే చకచకా దిగుతుంది. ఈఎస్ఆర్ మెల్లగా ఎక్కి, మెల్లగా దిగుతుంది. జబ్బు తగ్గిన రెండు వారాలకి కూడా ఈఎస్ఆర్ ఎక్కువుందని మళ్ళీ మళ్ళీ చేయించుకునేవాళ్ళున్నారు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోమంటాను.

ఒళ్ళునొప్పులు, చలి, జ్వరం క్రిమి చేసే పని అనుకుంటాం. చాలావరకు మన కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్ల ఫలితం అది. ఆ కబుర్లని సైటోకైన్లు అంటారు. వైరస్ సోకిన కణం పక్క కణాల్ని హెచ్చరించడానికి వదిలే ఇంటర్‌ఫెరాన్ అందులో ఒకటి. కొవిడ్ రోజుల్లో అందరి నోటా నానిన "సైటోకైన్ స్టార్మ్" ఈ కబుర్లు అదుపు తప్పడమే.

నాలుగైదు రోజులు: గజ్జల్లో బిళ్ళ

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. మా నాయనమ్మ దాన్ని చూసి, ఎక్కడ దెబ్బ తగిలిందో వెతికేది. ఆవిడ చేసింది సరైన పని. ఆ బిళ్ళ శోషరస గ్రంథి, ఇంగ్లీషులో లింఫ్ నోడ్. పుండు దగ్గర క్రిమిని మింగిన డెండ్రైటిక్ కణాలు ఆ క్రిమి ముక్క ఒకటి పట్టుకుని, శోషరస నాళాల వెంట ఈ గ్రంథికి వస్తాయి. అక్కడ కాచుకుని ఉన్న లక్షల లింఫోసైట్లకి ఆ ముక్క చూపిస్తాయి. దానికి సరిగ్గా సరిపోయే లింఫోసైట్ దొరికితే అది రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతూ పోతుంది. గ్రంథి ఉబ్బేది అందుకే. (గవదబిళ్ళలు వేరు. అవి లాలాజల గ్రంథుల వాపు.) వారాల తరబడి తగ్గకుండా, నొప్పి లేకుండా, గట్టిగా ఉన్న బిళ్ళని మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

ఆ క్రిమి ముక్క పేరు యాంటిజెన్. ఇంటర్ పుస్తకాల్లో "ప్రతిజనకం" అని చదివి ఉంటారు. దాన్ని పట్టుకోవడానికి తయారయ్యేది యాంటీబాడీ, పుస్తకాల్లో "ప్రతిదేహం". ఈ రెండు పేర్లూ తారుమారు చేసుకోకుండా ఉంటే సగం రిపోర్టు అర్థమైనట్టే. యాంటిజెన్ క్రిమిది, యాంటీబాడీ మనది.

లింఫోసైట్లలో ముఖ్యమైనవి రెండు రకాలు. యాంటీబాడీలు తయారుచేసేవి బి కణాలు. ఆ "బి" అక్షరం కోడి దగ్గర నుంచి వచ్చింది. కోడి తోక దగ్గర బర్సా అని చిన్న సంచి ఉంటుంది. 1950లలో అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధకుడు బర్సా తీసేసిన కోళ్ళకి యాంటిజెన్ ఎక్కించి చూస్తే, వాటిలో చాలావాటికి యాంటీబాడీలు రాలేదు. మనకి బర్సా లేదు, ఆ పని మూలుగలో జరుగుతుంది. రెండో రకం టి కణాలు. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో పదును తేలుతాయి. వాటిలో సహాయక కణాలు మిగతావాళ్ళని పనిలో పెడతాయి, సంహారక కణాలు వైరస్ దూరిన మన కణాల్నే చంపేస్తాయి. సరిపోయే కణం దొరకాలి, పెరగాలి, పనిలో దిగాలి. దీనికి నాలుగైదు రోజుల నుంచి వారం పైన పడుతుంది. ఇదే ఆర్జిత రోగనిరోధకత.

డెంగ్యూ కార్డు మీద గీతలు

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒకచోట చూడాలంటే డెంగ్యూ కార్డు చూడాలి. ఒక కిటికీలో ఎన్‌ఎస్1, రెండో కిటికీలో ఐజీజీ, ఐజీఎం. "సీ" అక్షరం దగ్గర గీత రావాలి, అది కార్డు సరిగ్గా పనిచేసిందనడానికి గుర్తు. అది రాకపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

ఎన్‌ఎస్1 వైరస్ వదిలే ప్రొటీన్, అంటే యాంటిజెన్. జ్వరం మొదటి రోజు నుంచి ఐదో రోజు దాకా బాగా దొరుకుతుంది. ఐజీఎం మన యాంటీబాడీ. ఇంచుమించు ఐదో రోజు నుంచి కనిపిస్తుంది. ప్రభుత్వ ల్యాబుల్లో కూడా ఐదు రోజుల్లోపు ఎన్‌ఎస్1 ఎలైజా, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా చేస్తారు. ఎలైజా అంటే కార్డు కన్నా కచ్చితంగా చెప్పే ల్యాబు పరీక్ష. కార్డు పరీక్ష అనుమానం చెప్తుంది, నిర్ధారణకి ఎలైజా కావాలి.

ఈ రోజుల లెక్క ఎంత ముఖ్యమో నాకు ఇంట్లోనే తెలిసొచ్చింది. మా ఆయన పనిమీద వేరే ఊళ్ళో ఉండగా శుక్రవారం రాత్రి జ్వరం వచ్చింది. బుధవారం, అంటే ఆరో రోజు, అక్కడో ల్యాబులో ఒక్క ఎన్‌ఎస్1 చేసి "నెగిటివ్, డెంగ్యూ కాదు" అన్నారు. అదే రోజు జ్వరం కూడా తగ్గింది. ఇంటికి వచ్చేశారు. ఆ రాత్రి కడుపునొప్పి, ఆగకుండా వాంతులు. తెల్లారి నేనే రక్తం తీశాను. ఐజీఎం గీత ముదురుగా వచ్చింది, ప్లేట్‌లెట్స్ 38,000, పీసీవీ పెరిగి ఉంది. పీసీవీ పెరగడమంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడుతోందని. ఐదు రోజులు సెలైన్ మీద ఉండి కోలుకున్నారు. ఆరో రోజు ఎన్‌ఎస్1 నెగిటివ్ అంటే డెంగ్యూ లేదని చెప్పినట్టు కాదు, ఆ పరీక్ష రోజులు దాటిపోయాయని. డెంగ్యూలో జ్వరం తగ్గే రోజే జాగ్రత్తగా కనిపెట్టాల్సిన రోజు. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఐజీజీ గీత ఒక్కటే వస్తే? ఎప్పుడో వచ్చి పోయిన డెంగ్యూ గుర్తు కావచ్చు. రెండోసారి డెంగ్యూ వచ్చినా ఐజీజీ తొందరగా పెరుగుతుంది, ఐజీఎం లేతగానే ఉండొచ్చు. డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకానికి తయారైన యాంటీబాడీలు ఇంకో రకాన్ని పూర్తిగా ఆపలేక, పట్టుకుని కణంలోకి దూరడానికి దారి చూపించే ప్రమాదం ఉంది. అందుకే రెండోసారి వచ్చినవాళ్ళని ఎక్కువ కనిపెట్టి ఉండాలి. డాక్టరుగారికి "ఇంతకుముందు ఫలానా ఏడాది డెంగ్యూ వచ్చింది" అని తప్పకుండా చెప్పండి.

ఐదు రకాల యాంటీబాడీలు

ఐజీ అంటే ఇమ్యునోగ్లోబులిన్, యాంటీబాడీకి ఇంకో పేరు. ఎం ముందు వస్తుంది. ఐదు కలిసిన పెద్ద గుత్తి, త్వరగా పోతుంది. జీ తర్వాత వస్తుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. ఐజీఏ కన్నీళ్ళలో, ఉమ్ములో, పేగుల్లో, తల్లిపాలలో ఉంటుంది. ముర్రుపాలలో చాలా ఎక్కువ. పసుపుగా ఉన్నాయని ముర్రుపాలు పిండి పారబోసే అత్తగార్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి, బిడ్డకి మొదటి రక్షణ అది. ఐజీఈ ఎలర్జీలది, దాని సంగతి తర్వాత. డీ రకం మీ రిపోర్టులో ఎప్పుడూ కనిపించదు, వదిలేయండి.

మాయ దాటి బిడ్డకి చేరగలిగేది ఐజీజీ ఒక్కటే. తల్లి దగ్గర నుంచి వచ్చిన ఆ ఐజీజీ బిడ్డని మొదటి నెలల్లో తట్టు లాంటి జబ్బుల నుంచి కాపాడుతుంది. అదే సమయంలో టీకా మందుని కూడా పనిచేయనివ్వదు. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాక వేయడానికి కారణం ఇదే. "ఇంకా ఎందుకు వేయలేదు" అని ఆరో నెలలో ఏఎన్ఎం గారితో గొడవపడకండి. నెగిటివ్ గ్రూపు తల్లికి 28 వారాలప్పుడు, పాజిటివ్ గ్రూపు బిడ్డ పుడితే కాన్పు తర్వాత 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజక్షన్ ఇచ్చేది కూడా ఈ ఐజీజీ వల్లే. బిడ్డ ఎర్రకణాల మీద తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారైతే, వచ్చే కాన్పులో అవి మాయ దాటి ఆ బిడ్డ రక్తాన్ని విరగ్గొడతాయి. నెగిటివ్ గ్రూపు ఆడవాళ్ళు తమ గ్రూపు కాగితం బ్యాగులోనే పెట్టుకోవాలి.

కుక్క కరిచిన రోజు రెండు మందులెందుకు

మా మేనల్లుడిని ఎనిమిదేళ్ళప్పుడు వీధికుక్క పిక్క పట్టుకుంది. నేను వెళ్ళేసరికి పక్కింటి పెద్దావిడ గాయం మీద కారం అద్దుతున్నారు. ప్రేమతోనే చేశారు, కానీ కారం, సున్నం, పసుపు, ఏదీ పెట్టకూడదు. కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. వాచీ చూసుకుంటూ కడిగాను. ఏడుస్తూనే ఉన్నాడు, ఆపలేదు.

రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా గుచ్చుతారు. "రెండెందుకండీ, డబ్బు కోసమా?" అని అడుగుతారు. రోజుల లెక్క చూడండి. టీకా మన బి కణాలకి పాఠం చెప్తుంది, వాటి యాంటీబాడీలు చాలినంత వచ్చేసరికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ లోపు గాయం దగ్గర వైరస్‌ని ఎవరు ఆపాలి? అందుకే తయారుగా ఉన్న యాంటీబాడీలని బయట నుంచి తెచ్చి పోస్తారు. పాఠం నేర్పడం యాక్టివ్ ఇమ్యూనిటీ, తయారైనది అరువు తేవడం పాసివ్ ఇమ్యూనిటీ. అరువు తెచ్చినది వారాల్లో కరిగిపోతుంది, నేర్చుకున్నది నిలుస్తుంది. టీకా డోసులు కండకైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో. 0 అంటే మొదటి సూది పడిన రోజు. కుక్క బాగానే తిరుగుతోంది కదా అని మీ అంతట మీరు మధ్యలో ఆపొద్దు.

పాఠం నేర్చుకున్న బి, టి కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే వారం అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో దాడి మొదలవుతుంది. బూస్టర్ డోసు ఆ జ్ఞాపకానికి పదును పెట్టడమే.

"టైఫాయిడ్ ఉందంట" అనే ముందు

విడాల్ పరీక్ష గురించి చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. జ్వరం వచ్చిన రెండో రోజే విడాల్ చేయించి, 1:80 (రక్తాన్ని ఎనభై రెట్లు పలచన చేసినా గుర్తు కనిపించిందని) వచ్చిందని టైఫాయిడ్ మందులు మొదలుపెట్టేవాళ్ళు మా వైపు చాలామంది. విడాల్ వెతికేది యాంటీబాడీని. కొత్త టైఫాయిడ్ అయితే రెండో రోజుకి ఆ యాంటీబాడీ ఎక్కడి నుంచి వస్తుంది? పాత జ్వరానిదో, టీకాదో అయి ఉండొచ్చు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తేనే దానికో అర్థం. మొదటి వారంలో అడగాల్సింది బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష), అదీ యాంటీబయాటిక్ వేసుకోకముందు. "కల్చర్‌కి పంపుదామా సార్?" అని అడగడానికి మొహమాటపడకండి.

పొరపాటు పడితే

"ఇమ్యూనిటీ పెంచే పొడి ఏదైనా చెప్పండి" అని వారానికి ఇద్దరైనా అడుగుతారు. పెంచడానికి అదొక్కటి కాదు. ఇప్పటిదాకా చదివినవాళ్ళకి అది తెలిసే ఉంటుంది. పైగా కొన్ని పెరగడమే జబ్బు. దుమ్ముకో, రొయ్యలకో ఐజీఈ తయారైతే అది చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో ఉండే మాస్ట్ కణాలకి అతుక్కుని కూర్చుంటుంది. మళ్ళీ అదే తగిలిన నిమిషాల్లో వాటిలోంచి హిస్టమిన్ అనే రసాయనం బయటపడి తుమ్ములు, దద్దుర్లు, పిల్లికూతలు. పెదవులు ఉబ్బి ఊపిరాడకపోతే అది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదికొస్తుంది, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కంటి నిండా నిద్ర, పప్పు, గుడ్డు, వేళకి టీకాలు, షుగర్ ఉన్నవాళ్ళు దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఇవే నేను చెప్పేవి. షుగర్ ఎక్కువుంటే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి, పుండు అందుకే మానదు.

మా గోదావరి జిల్లాల్లో "ఇస్నోఫీలియా" అనని ఇల్లు ఉండదు. ఇయోసినోఫిల్స్ పెరగడం అది. ఎలర్జీ, ఉబ్బసం, కడుపులో పురుగులు, చాలా కారణాలున్నాయి. ఆబ్సల్యూట్ కౌంట్ 3,000 దాటి, రాత్రిళ్ళు విపరీతమైన దగ్గు ఉంటే బోదకాలు పురుగు మీద ఊపిరితిత్తులు అతిగా స్పందించడం వల్ల కావచ్చు. దానికి వాడే డీఈసీ మందు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనలోంచి వచ్చింది. మెథోట్రెక్సేట్ కూడా అక్కడిదే.

ఆ మెథోట్రెక్సేట్ ఇప్పుడు ఎక్కువమందికి తెలిసింది కీళ్ళవాతం మందుగా. రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళనే పరాయివనుకుని దాడి చేస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్, థైరాయిడ్ మీద చేస్తే హాషిమోటో. వీటిని ఆటో ఇమ్యూన్ జబ్బులంటారు. రిపోర్టులో ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ, ఏఎన్ఏ, యాంటీ-టీపీఓ అన్నవి సొంత ఒంటి మీద తయారైన యాంటీబాడీల కోసం చేసే పరీక్షలు. ఏఎన్ఏ కొంచెం పాజిటివ్ ఉన్న ఆరోగ్యవంతులు బోలెడుమంది, ఆ ఒక్క కాగితంతో ఏదీ తేల్చరు. ఒక హెచ్చరిక: కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని తెల్లకణాలు పడిపోయిన ఒక పెద్దాయన రక్తం నేనే తీశాను. అట్ట మీద వేసుకోవాల్సిన రోజు పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

టి కణాలకి రెండు రోజులు కావాలి

ఎలర్జీ నిమిషాల్లో వస్తే, టి కణాల స్పందన నిదానం. మాంటూ పరీక్షలో చూసేది అదే. టీబీ క్రిమి ప్రొటీన్‌ని ముంచేతి చర్మంలోకి చిన్న బుడగలా ఎక్కిస్తాను. టీబీ క్రిమిని ఇంతకుముందు చూసిన టి కణాలు ఒంట్లో ఉంటే అవి అక్కడికి చేరి చర్మాన్ని గట్టిపరుస్తాయి. కొలవాల్సింది ఎరుపుని కాదు, వేలికి తగిలే గట్టిదనాన్ని. మామూలుగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్. క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చి ఉండొచ్చని దానికి అర్థం. జబ్బు ఉందో లేదో ఎక్స్‌రే, కళ్ళె పరీక్షలు తేల్చాలి.

హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో 5 మిల్లీమీటర్లకే పాజిటివ్ అంటారు. ఆ వైరస్ దూరేది సహాయక టి కణాల్లోకే కాబట్టి చర్మం గట్టిపడే శక్తి తగ్గిపోతుంది, ఒక్కోసారి టీబీ ఉన్నా ఏమీ రాదు. సీడీ4 కౌంట్ అంటే ఆ సహాయక కణాల లెక్క. మామూలుగా 500 నుంచి 1,500 ఉంటుంది. 200 కిందికి పడితే మామూలు మనిషిని ఏమీ చేయని క్రిములు కూడా జబ్బు చేస్తాయి. ఇదివరకు సీడీ4 తగ్గేదాకా ఆగి మందు ఇచ్చేవారు. 2017 నుంచి మన దేశంలో కౌంట్ ఎంత ఉన్నా తెలిసిన వెంటనే హెచ్ఐవీని అణిచే మందులు, అంటే ఏఆర్‌టీ మొదలుపెడుతున్నారు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

మాంటూ వేశాక చేతి మీద పెన్నుతో గుండ్రంగా గీసి, చీటీ మీద టైము రాసిస్తాను. మంగళవారం పదకొండింటికి వేస్తే గురువారం పదకొండు నుంచి శుక్రవారం పదకొండు లోపు చూపించాలి. గోకొద్దు, మందు రాయొద్దు, ఆ గీత చెరిగిపోకుండా చూసుకోండి. బుధవారమే వచ్చి "ఏమీ రాలేదు కదండీ, నెగిటివేనా" అని అడుగుతారు. రేపు రండి, ఇంకా ఒకరోజే అయింది.